మతాన్ని అవమానిస్తే పదేళ్లు జైలంటే ఈ దాడులు తగ్గవా?

గట్టు_రావు
పోయిన నెల మా ఊళ్లో ఒక కుర్రవాడు ఫోనులో స్టేటస్‌గా ఒక బొమ్మ పెట్టాడు. వేరే మతంవాళ్ల దేవుణ్ని వెటకారం చేసే బొమ్మ. తెల్లవారేసరికి అది ఊరంతా తిరిగింది. పదింటికల్లా ముప్ఫై నలభై మంది పోగై వాడి తండ్రి నడిపే పంక్చర్ల కొట్టు మీద పడ్డారు. గాలి కొట్టే మిషను పగలగొట్టారు. అడ్డం వెళ్లిన ఆయనకు చెయ్యి విరిగింది. కొడుకు ఏం పెట్టాడో ఆయనకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

ఏ మతంవాడు ఏ దేవుణ్ని అన్నాడో చెప్పను. చెబితే చర్చ అటే కొట్టుకుపోతుంది.

నేను అడిగేది ఒకటే. మతాన్ని అవమానిస్తే మన చట్టంలో మహా అయితే మూడేళ్లు. అదీ ఎప్పటికి పడుతుందో దేవుడికే తెలియాలి. చట్టానికి చేతకాదని అనిపిస్తేనే కదా జనం కర్రలు పట్టుకునేది? గ్రంథాలను అపవిత్రం చేస్తే యావజ్జీవం వేయాలని పంజాబ్ అసెంబ్లీ 2018లోనే బిల్లు ఆమోదించింది. దేశమంతా అలాంటి గట్టి శిక్ష పెడితే అనేవాడికి భయం ఉంటుంది, కొట్టేవాడికి సాకు ఉండదు. ఇందులో తప్పేముంది?

సగం_చార్జింగ్
ఏ మతం?

నిప్పురవ్వ
చెప్పకపోతే తెలియదా ఏమిటి. పంక్చర్ల కొట్టు అన్నారుగా.

గట్టు_రావు
మా జిల్లాలో పంక్చర్ల కొట్లు అన్ని మతాలవాళ్లూ నడుపుతారు. అందుకే చెప్పనన్నాను.

నిర్వాహకుడు
మతం ఏదో ఊహిస్తూ రాసిన పోస్టులు తీసేశాను. ఆయన చెప్పనన్నారు, వదిలేయండి.

సగం_చార్జింగ్
తీసేసిన వాటిలో నాదీ ఒకటి. నా మనోభావాలు దెబ్బతిన్నాయి. నిర్వాహకుడికి పదేళ్లు వేయాలని కోరుతున్నాను.

నల్లకోటు
రావు గారి ప్రశ్న కొత్తది కాదు, దాదాపు వందేళ్లనాటిది. ఈ సెక్షన్ పుట్టిందే ఈ వాదనతో.

1924లో లాహోర్‌లో రాజ్‌పాల్ అనే ప్రచురణకర్త ముస్లింల ప్రవక్తను కించపరిచే చిన్న పుస్తకం వేశాడు. కింది కోర్టు శిక్ష వేసింది. హైకోర్టులో జస్టిస్ దలీప్ సింగ్ 1927లో కేసు కొట్టేశారు. అప్పటికి ఉన్న 153ఏ సెక్షన్ వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం గురించి తప్ప, గతించిన మతపెద్దను వెటకారం చేయడం గురించి కాదని ఆయన తీర్పు. దానితో పెద్ద అలజడి. చట్టంలో కంత ఉంది, అది పూడ్చకపోతే జనం ఊరుకోరని ప్రభుత్వం అదే ఏడాది శిక్షాస్మృతిలో 295ఏ చేర్చింది. రావు గారు ఇప్పుడన్నది ఇదే కదా?

సెక్షన్ 1927లో వచ్చింది. రాజ్‌పాల్‌ను 1929 ఏప్రిల్‌లో అతని కొట్లోనే పొడిచి చంపారు. చంపినవాడు ఇల్ముద్దీన్, ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న వడ్రంగి కుర్రవాడు. అప్పీలులో అతని తరఫున వాదించడానికి జిన్నా బొంబాయి నుంచి వెళ్లాడు. ఫలితం లేకపోయింది, అక్టోబరు 31న ఉరి తీశారు. ఆ జిన్నాయే రెండేళ్ల కిందట శాసనసభలో ఈ బిల్లు మీద మాట్లాడుతూ, చరిత్ర రాసేవాళ్లకూ మతాన్ని నిజాయితీగా విమర్శించేవాళ్లకూ ఇది తగలకుండా చూడాలని హెచ్చరించాడు. అందుకే సెక్షన్‌లో ‘ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో’ అన్న మాటలు ఉన్నాయి. ఠాణాలో ఆ మాటలు ఎవరూ చదవరు, అది వేరే సంగతి.

మొదట రెండేళ్ల శిక్ష ఉండేది. 1961లో మూడేళ్లు చేశారు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. బెయిలు హక్కుగా రాదు, వారెంటు లేకుండా పట్టుకెళ్లవచ్చు. ఇదేమీ మెత్తటి చట్టం కాదు.

గట్టు_రావు
ఒక్క హత్య చూపించి చట్టం పనిచేయలేదంటే ఎలా? ఆ చట్టం వల్ల ఆగిపోయిన హత్యలు మనకు కనిపించవు కదా. జరగనిది లెక్కలోకి రాదు.

నల్లకోటు
మంచి మాటే. దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే శిక్ష పెంచి చూసిన దేశం మన పక్కనే ఉంది. సరిహద్దు_పిచ్చుక గారు ఆ దేశం పత్రికలు రోజూ చదువుతారు, ఆవిడ రాస్తే బాగుంటుంది.

సరిహద్దు_పిచ్చుక
పిలిచారు కాబట్టి కాస్త పెద్దదే రాస్తాను.

విభజన అయ్యాక 295ఏ రెండు దేశాలకూ వారసత్వంగా వచ్చింది. మనం దాన్ని దాదాపు అలాగే ఉంచుకున్నాం. పాకిస్తాన్‌లో సైనిక పాలకుడు జియా ఉల్ హక్ దానికి తోకలు తగిలించాడు. 1982లో 295బి, ఖురాన్‌ను అపవిత్రం చేస్తే యావజ్జీవం. 1986లో 295సి, ప్రవక్తను అవమానిస్తే మరణశిక్ష లేదా యావజ్జీవం. తర్వాత వాళ్ల షరియత్ కోర్టు యావజ్జీవం చాలదు, మరణశిక్షే వేయాలంది. రావు గారు పదేళ్లంటున్నారు, వాళ్లు ఉరి దాకా వెళ్లారు. ఇంతకంటే గట్టి శిక్ష ఇంకేముంటుంది?

ఆ సెక్షన్ కింద ప్రభుత్వం ఇప్పటివరకు ఒక్కరినీ ఉరి తీయలేదు. చంపేది జనమే. 1947 నుంచి 2021 దాకా దైవదూషణ ఆరోపణల మీద కోర్టు బయట 89 మందిని చంపారని ఇస్లామాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. వాటిలో అత్యధికం జియా తర్వాతివే.

ఆసియా బీబీ సంగతి తెలిసిందే. 2009 జూన్, పాకిస్తాన్ పంజాబ్‌లో షేఖుపురా దగ్గర పల్లె. పొలంలో ఫల్సా పళ్లు కోసే కూలీలు. క్రైస్తవురాలు ముట్టిన నీళ్లు మేం తాగమని తోటి ఆడవాళ్లు అన్నారు, మాటా మాటా పెరిగింది. ఐదు రోజుల తర్వాత ఎఫ్‌ఐఆర్. మరుసటి ఏడాది ఉరిశిక్ష. ఆమె తప్పు ఒప్పుకుందని చెప్పిన పంచాయితీకి ఎంతమంది వచ్చారంటే ఒక సాక్షి వందమంది అన్నారు, ఇంకొకరు వెయ్యికి పైగా అన్నారు, మరొకరు రెండు వేలు దాటారన్నారు. అంత గందరగోళపు సాక్ష్యం మీద ఆమెను 2018 అక్టోబరు 31న సుప్రీంకోర్టు విడిచిపెట్టేదాకా జైల్లో ఉంచారు.

ఈలోగా ఆమె పక్షాన మాట్లాడినందుకు పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను 2011 జనవరి 4న ఇస్లామాబాద్‌లో సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. మిగిలిన గార్డులు చూస్తూ నిలబడ్డారు. హంతకుణ్ని కోర్టుకు తెస్తే వకీళ్లు పూలరేకులు చల్లారు. శిక్ష వేసిన జడ్జి దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. రెండు నెలలకు మంత్రి షాబాజ్ భట్టీ, ఆయన క్రైస్తవుడు, ఆయన్నూ చంపారు. తాసీర్ హంతకుణ్ని 2016లో ఉరి తీస్తే ఇస్లామాబాద్ శివార్లలో అతని సమాధి మీద దర్గా కట్టారు.

గట్టి శిక్ష పెడితే కొట్టేవాడికి సాకు ఉండదన్నారు రావు గారు. అక్కడ జరిగింది తలకిందులు. వీడు చావాల్సినవాడే అని చట్టమే చెప్పింది కదా, ఆలస్యం దేనికి అనుకున్నారు.

సగం_చార్జింగ్
వకీళ్లు పూలు చల్లారా! నల్లకోటు గారూ, మీ వృత్తి మీద ఒక మాట.

నల్లకోటు
సిగ్గుచేటు. అంతకంటే చెప్పాలా? అదే దేశంలో 2014లో ముల్తాన్‌లో రషీద్ రెహ్మాన్ అనే వకీలు ఇలాంటి కేసులో నిందితుడి తరఫున నిలబడినందుకు తన ఆఫీసులోనే హత్యకు గురయ్యాడు. ఆయనా నల్లకోటు వాడే.

నిప్పురవ్వ
ఎప్పుడూ పాకిస్తానేనా? వాళ్ల జబ్బు వాళ్లది. మనవాళ్లు మహా అయితే ఠాణాకు వెళ్లి ఫిర్యాదు ఇస్తారు, మనిషిని చంపరు. అన్ని మతాలనూ ఒకే గాటన కట్టడం మేధావులకు అలవాటైపోయింది.

కలం_కాగితం
నిప్పురవ్వ గారూ, మతఛాందసాన్ని, మూఢనమ్మకాలను విమర్శించి హతులైనవాళ్ల పేర్లు చెబుతాను. నరేంద్ర దభోల్కర్. 2013 ఆగస్టు 20, పుణె, ఉదయపు నడకలో. గోవింద్ పన్సారే. 2015 ఫిబ్రవరి, కొల్హాపూర్, అదీ నడకలోనే. ఎం.ఎం. కల్బుర్గి. అదే ఏడాది ఆగస్టు 30, ధార్వాడ్, ఇంటి గుమ్మంలో. గౌరీ లంకేశ్. 2017 సెప్టెంబరు 5, బెంగళూరు, ఇంటి ముందు. దభోల్కర్ కేసులో కాల్చిన ఇద్దరికి 2024లో యావజ్జీవం పడింది. కల్బుర్గిని, గౌరిని కాల్చింది ఒకే తుపాకి అని ఫోరెన్సిక్ నివేదిక. ఠాణాకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చారా వీళ్ల మీద?

దభోల్కర్ ఏళ్ల తరబడి అడిగిన మూఢనమ్మకాల నిరోధక చట్టం ఆయన చచ్చిన నాలుగు రోజులకు ఆర్డినెన్సుగా వచ్చింది. బతికుండగా ఇస్తే ఏం పోయేదో.

నిప్పురవ్వ
ఉదయ్‌పూర్ దర్జీ పేరు ఈ జాబితాలో ఎందుకు లేదు? కేరళలో చెయ్యి నరికిన ప్రొఫెసర్ పేరు? జాబితాలు మీకే వచ్చా?

కలం_కాగితం
చేర్చుకోండి, నాకేం అభ్యంతరం. కోయంబత్తూరు ఫారూఖ్‌ను కూడా చేర్చుకోండి. ముస్లిం కుటుంబంలో పుట్టి నాస్తికుడైనందుకు 2017లో చంపారు. ‘వాడు దేనికోసం చచ్చాడో నేనూ అటే’ అన్నట్టు మాట్లాడాడు తండ్రి. ఆయన గురించి మీ వైపూ మాట్లాడరు, మా వైపూ మాట్లాడరు.

నల్లకోటు
ఉదయ్‌పూర్, కేరళ పేర్లు తెచ్చినందుకు నిప్పురవ్వ గారికి నిజంగానే ధన్యవాదాలు. రావు గారి ప్రశ్నకు దగ్గరగా ఉన్నవి ఈ రెండే.

ఉదయ్‌పూర్ దర్జీ కన్హయ్యలాల్ మతాన్ని అవమానించే పోస్టు పెట్టాడన్న ఫిర్యాదుతో పోలీసులు అతని మీద కేసు కట్టారు, అరెస్టు చేశారు, బెయిలు మీద వచ్చాడు. బెదిరిస్తున్నారని రక్షణ కూడా అడిగాడు. 2022 జూన్ 28న బట్టలు కుట్టించుకునే వాళ్లలా ఇద్దరు కొట్లోకి వచ్చి చంపి, వీడియో తీసి పెట్టారు.

టి.జె. జోసెఫ్, తొడుపుళలో కాలేజీ లెక్చరరు. ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న మీద గొడవ. కాలేజీ సస్పెండ్ చేసింది, పోలీసులు అరెస్టు చేశారు, బెయిలు. 2010 జులై 4న చర్చికి వెళ్లి వస్తుంటే కారు ఆపి కుడిచెయ్యి నరికారు. అవమానించాడన్న కేసును తర్వాత కోర్టు కొట్టేసింది. ఈలోగా కాలేజీ ఉద్యోగం తీసేసింది, ఇల్లు గడవక, దిగులుతో 2014లో భార్య ఆత్మహత్య చేసుకుంది.

చట్టం చేతకానిదైతే జనం చేతుల్లోకి తీసుకుంటారని కదా వాదన? ఈ రెండింటిలోనూ చట్టం వెంటనే కదిలింది. కదిలినా చంపినవాళ్లు, నరికినవాళ్లు ఆగలేదు.

గట్టు_రావు
అరెస్టు వేరు, శిక్ష వేరు. బెయిలు మీద బయట తిరుగుతుంటే ఉడికిపోరా? నేనడిగేది శిక్ష గురించి. ఇంకో మాట. ఫ్రాన్సులో దైవదూషణ చట్టమే లేదు, అక్కడ 2015లో పత్రికాఫీసు మీద దాడిలో పన్నెండు మందిని కాల్చలేదా? 2020లో పాఠం చెప్పిన మాస్టారి తల నరకలేదా? చట్టం ఉన్నచోట జరుగుతోంది కాబట్టి చట్టం వల్లే అంటే, లేనిచోట జరిగినదానికి ఏం చెబుతారు?

సగం_చార్జింగ్
రావు గారికి ఒక మార్కు.

సరిహద్దు_పిచ్చుక
ఫ్రాన్సు మాట నిజమే. అయితే తేడా చూడండి. అక్కడ హంతకుల కోసం దేశమంతా వెతికింది, ఎవరూ పూలు చల్లలేదు. చట్టం హంతకుణ్ని తయారుచేస్తుందని నేను అనలేదు. చంపాక వాడి వెనక ఎంతమంది నిలబడతారన్నది చట్టం మారుస్తుంది.

డేన్మార్క్_దోసకాయ
నేనుండే దేశం ఈ విషయంలో ఎటూ తేల్చుకోలేదు. దాదాపు ఎవరూ వాడని దైవదూషణ సెక్షన్‌ను 2017లో తీసేశారు. తర్వాత వీధుల్లో ఖురాన్ తగలబెట్టడం మొదలైంది, విదేశాల్లో రాయబార కార్యాలయాల దాకా వచ్చింది గొడవ. 2023 చివర్లో మతగ్రంథాలను బహిరంగంగా అవమానించకూడదని మళ్లీ చట్టం చేశారు. మతాన్ని తిట్టవచ్చు, పుస్తకం కాల్చకూడదు. ఇక్కడి తెలుగువాళ్లలో సగం మంది సరే అంటారు, సగం మంది లొంగిపోయారంటారు. నేను ఏ సగమో రోజుకో రకంగా ఉంటుంది.

గల్ఫ్_గంగన్న
మాది కరీంనగర్ దగ్గర. దుబాయ్‌లో ఉంటున్నాను. ఇక్కడ 2015లో చట్టం తెచ్చారు, ఏ మతాన్ని అవమానించినా జైలు, లక్షల దిర్హాముల జరిమానా. మా క్యాంపులో బంగ్లాదేశ్, పాకిస్తాన్, నేపాల్, మనవాళ్లు, అందరూ ఒకే వంటగది. మతం మీద ఒక్క మాట రాదు. ఊళ్లో ఉన్నప్పుడు గ్రూపుల్లో తెగ పంపేవాడు మా గది మిత్రుడు, ఇక్కడికి వచ్చిన వారంలోనే అన్నీ తుడిచేశాడు. కఠిన చట్టం పనిచేయదని ఎవరన్నారు?

గట్టు_రావు
గంగన్న గారూ, ఇదే నేను మొదటి నుంచీ చెబుతున్నది!

పాతబస్తీ_సిస్టర్
గంగన్నా, ఒకటి అడుగుతాను. అక్కడ ఎవడో ఏదో అన్నాడని నలభై మంది కర్రలతో క్యాంపు ముందుకొస్తే ఏమవుతుంది?

గల్ఫ్_గంగన్న
నలభై మందీ ఆ సాయంత్రానికి లోపల ఉంటారు. తర్వాత విమానం ఎక్కిస్తారు. వీసా పోతుంది. అసలు నలుగురు కలిసి నినాదం చేయడానికే భయం.

పాతబస్తీ_సిస్టర్
మరి పనిచేస్తున్నది ఏ చట్టం? అన్నవాణ్ని పట్టేదా, పోగైనవాళ్లను పట్టేదా?

గల్ఫ్_గంగన్న
రెండూ. కానీ మీరన్నదీ ఉంది.

పాతబస్తీ_సిస్టర్
నేను నర్సుగా చేసి రిటైర్ అయినదాన్ని. 1990 డిసెంబరు అల్లర్లప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో డ్యూటీ. కర్ఫ్యూ వల్ల ఇంటికి వెళ్లే దారి లేక వార్డులోనే పడుకునేవాళ్లం. కత్తిపోట్లతో వచ్చినవాళ్లలో ఎవరూ దేవుణ్ని తిట్టినవాళ్లు కాదు. పాలు తేవడానికి వెళ్లినవాడు, డ్యూటీ దిగి వస్తున్నవాడు, సైకిల్ మీద తప్పు గల్లీలోకి తిరిగినవాడు. పాలలో విషం కలిపారని ఒక వార్డులో హిందువులు చెప్పేవారు, పక్క వార్డులో ముస్లింలూ అదే చెప్పేవారు. అదే పుకారు, విషం కలిపినవాళ్ల పేర్లు మాత్రమే మారేవి. వందమందికి పైగా పోయారు. ముఖ్యమంత్రి చెన్నారెడ్డి దిగిపోయారు. అల్లర్లు చేయించిందెవరన్నది రాజకీయాల్లో ఎవరికి వారు చెప్పుకున్నారు గానీ, నా వార్డుకు వచ్చినవాళ్లను పొడిచినవాళ్లకు శిక్ష పడిందని నేను వినలేదు.

ఇంతకూ రావు గారూ, మీ ఊళ్లో ఆ తండ్రి చెయ్యి విరగ్గొట్టినవాళ్ల మీద కేసు ఏమైంది?

గట్టు_రావు
కుర్రవాడి మీద 299 కింద కేసు కట్టారు. పదిరోజులు లోపల ఉండి వచ్చాడు.

పాతబస్తీ_సిస్టర్
నేను అడిగింది కొట్టినవాళ్ల గురించి.

గట్టు_రావు
వాళ్ల మీద లేదు. పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేశారు. మిషనుకు కొంత డబ్బు ఇప్పించారు. ఊళ్లో శాంతి ఉండాలంటే అంతకంటే దారి లేదు, అందులో తప్పు పట్టడానికేమీ లేదనే నా అభిప్రాయం.

సగం_చార్జింగ్
స్టేటస్ పెట్టినవాడికి పదిరోజులు జైలు. చెయ్యి విరిచినవాళ్లకు పంచాయితీలో టీ. ఇంకా ఎవరికి గట్టి శిక్ష కావాలో నాకు అర్థం కాలేదు.

గట్టు_రావు
వెటకారం సులువు. నలభై మందిని అరెస్టు చేస్తే నలభై ఇళ్లు. మర్నాడు ఆ వీధిలో ఆయన కొట్టు తెరవగలడా?

కలం_కాగితం
తెరవలేడు. అందుకే పోలీసులు అనేది ఒకటి కనిపెట్టారు.

పటమట_పాపయ్య
మా విజయవాడలో నాస్తికోద్యమ నాయకుడు గోరా 1972 ఆగస్టు 15న పంది మాంసం, గొడ్డు మాంసం కలిపి వడ్డించే విందు పెట్టారు. హిందువైనా ముస్లిమైనా మతం చెప్పిన నిషేధం దాటి రండి అని పిలుపు. బెదిరింపులు, నిరసనలు అన్నీ వచ్చాయి. ఆయన ఆపలేదు. తిన్నవాళ్లు తిన్నారు, తిట్టినవాళ్లు తిట్టారు, ఎవరూ చావలేదు. మా నాన్న ఆ రోజు వద్దనేవాళ్లలో నిలబడి నినాదాలు చేశాడు. తర్వాత నాస్తిక కేంద్రంవాళ్లు నిప్పుల మీద నడిచి చూపిస్తే చూడటానికి మమ్మల్ని తీసుకెళ్లిందీ ఆయనే. ఇప్పుడు అలాంటి విందు పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

గట్టు_రావు
అప్పుడు ఫోనులు లేవు పాపయ్య గారూ. విందు విజయవాడలో జరిగితే వార్త విజయవాడలో ఉండేది.

పటమట_పాపయ్య
ఫోను లేని రాజ్‌పాల్‌ను లాహోర్‌లో ఎలా చంపారు మరి?

నిప్పురవ్వ
గోరాను మెచ్చుకునేవాళ్లు బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా హైదరాబాద్ వచ్చినప్పుడు ఎక్కడున్నారు? 2007 ఆగస్టు 9, ప్రెస్ క్లబ్బు. ఆమె నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ. ఎమ్మెల్యేలే వచ్చి కుర్చీలు, పూలగుత్తులు, చేతికి దొరికినవన్నీ విసిరారు. ఓట్ల కోసం అందరూ నోరు మూసుకున్నారు.

కలం_కాగితం
అందరూ మూసుకోలేదు. ఆమెకు అడ్డంగా నిలబడి దెబ్బలు తిన్నవాళ్లు తెలుగు రచయితలు, విలేకరులే. కానీ ఆ తర్వాత ఆమె మీదే 153ఏ కింద కేసు పెట్టారు, అది మీరు రాయలేదు. విసిరినవాళ్లు, దెబ్బలు తిన్నామె, ఇద్దరూ నిందితులే. 2018లోనూ అంతే. రాముడి మీద టీవీలో మాట్లాడిన సినిమా విమర్శకుణ్ని, దానికి నిరసనగా పాదయాత్ర చేస్తానన్న స్వామిని ఇద్దరినీ ఆరు నెలలు హైదరాబాద్ నుంచి బహిష్కరించారు పోలీసులు.

సగం_చార్జింగ్
సమన్యాయం అంటే ఇదే. ఇద్దర్నీ పక్క జిల్లాకు పంపితే అక్కడ కలిసి కాఫీ తాగుతారని ఆశ.

శిలాలేఖ
మనవాళ్లకు ఇది నిన్న మొన్నటి జబ్బు కాదు. శ్రీశైలంలో 16వ శతాబ్దం మొదటినాళ్ల శాసనం ఒకటుంది. లింగ అనే వీరశైవ నాయకుడు తన ఘనతలన్నీ చెక్కించుకుంటూ, శ్వేతాంబర జైనుల తలలు నరికానని కూడా చేర్చాడు. ఎవరో మోపిన అభియోగం కాదు, స్వయంగా రాయించుకున్న బిరుదు. ఉదయ్‌పూర్‌లో వీడియో తీసిపెట్టినవాళ్లకూ ఇతనికీ తేడా రాయి, ఫోను మాత్రమే.

అంతకు ముందే వేరే దారీ ఉంది. 1368లో ఆనెగొంది, పెనుగొండ మొదలైన ఊళ్ల జైనులు వైష్ణవులు మమ్మల్ని హింసిస్తున్నారని విజయనగర రాజు బుక్కరాయలకు మొరపెట్టుకున్నారు. ఆయన ఇరువర్గాల పెద్దలను పిలిపించి, జైనుల చెయ్యి పట్టి వైష్ణవుల చేతిలో పెట్టాడు. రెండు దర్శనాలకూ, అంటే రెండు మతాలకూ, భేదం లేదన్నాడు. ఊరికే నీతి చెప్పి పంపలేదు. శ్రవణబెళగొళలో దేవుడికి ఇరవైమంది కాపలా భటులను పెట్టించాడు. ఆ బాధ్యత తిరుమల తాతయ్యకు, అంటే వైష్ణవ పెద్దకే అప్పగించాడు. ఎవరు దేవుణ్ని ఏమన్నారు, ఎవరి మనసు నొచ్చింది అన్న విచారణ ఆ శాసనంలో లేదు.

సగం_చార్జింగ్
ఇరవైమంది భటుల జీతం ఎవరిచ్చారు?

శిలాలేఖ
జైనులే. ఇంటికి ఏడాదికి ఒక హణం (అప్పటి నాణెం) చొప్పున.

సగం_చార్జింగ్
కొట్టినవాళ్ల దగ్గర కాకుండా దెబ్బలు తిన్నవాళ్ల దగ్గర వసూలు చేశారన్నమాట. పరిపాలన అప్పుడూ ఇంతే.

శిలాలేఖ
వసూలు చేయగా మిగిలిన డబ్బుతో పాడైన జైన ఆలయాలకు సున్నం వేయించాలని కూడా ఉంది. అంత తేలిగ్గా తీసేయకండి.

నిర్వాహకుడు
శాసనాల మీద ఇంకా రాయాలనుకుంటే చరిత్ర విభాగంలో వేరే చర్చ మొదలుపెట్టండి. ఆసక్తిగానే ఉంది కానీ దారి తప్పుతోంది.

నల్లకోటు
దారి తప్పలేదు, అసలు విషయం అక్కడే ఉంది. కాపాడాల్సింది మనిషినా, భావాన్నా? మనిషిని కాపాడే చట్టం మనకు ఇప్పుడు కాగితం మీద ఉంది. 2018లో సుప్రీంకోర్టు మూకహత్యల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, జిల్లాకో ఎస్పీ స్థాయి అధికారి బాధ్యుడిగా ఉండాలంది. న్యాయ సంహిత 103(2)లో ఐదుగురు లేదా ఎక్కువమంది కలిసి కులం, జాతి, భాష, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణంతో హత్య చేస్తే ఉరి లేదా యావజ్జీవం. మతం అన్న మాట విడిగా లేదు, ‘వర్గం’, ‘విశ్వాసం’ కిందకు వస్తుందని వాదించుకోవాలి. ఎందుకు వదిలేశారో రాసినవాళ్లకే తెలియాలి.

రావు గారూ, ఆ తండ్రి కావాలనుకుంటే ఇప్పటికీ ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెయ్యి విరగ్గొట్టడం తీవ్రగాయం కిందకు వస్తుంది. ఠాణాలో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లాలి. రాజీ కాగితం అడ్డం కాదు.

గట్టు_రావు
చెప్పి చూశాను. వద్దంటున్నాడు. నేను బలవంతం చేయను, అక్కడ బతకాల్సింది ఆయన.

గట్టి చట్టం కావాలన్న నా మాట మాత్రం మారలేదు. దానికి ఒక షరతు చేరుస్తాను. అబద్ధపు ఫిర్యాదు అని తేలితే పెట్టినవాడికీ అదే శిక్ష. దర్యాప్తు పెద్ద అధికారే చేయాలి. అప్పుడు దుర్వినియోగం ఉండదు.

సరిహద్దు_పిచ్చుక
పెద్ద అధికారి ముచ్చట కూడా పాకిస్తాన్‌లో తీరింది. 295సి కేసులను ఎస్పీ స్థాయికి తక్కువైనవాళ్లు దర్యాప్తు చేయకూడదని ముషారఫ్ కాలంలో సవరణ తెచ్చారు. ఆసియా బీబీ కేసు దర్యాప్తు చేసింది ఎస్పీయే. వీధిలో వేలమంది నిలబడి ఉంటే ఆ ఎస్పీ మాత్రం నిర్దోషి అని రాయగలడా?

అసలు ఫిర్యాదు దాకా రాకుండానే ముగిసేవి ఎన్ని! మషాల్ ఖాన్, మర్దాన్ విశ్వవిద్యాలయం విద్యార్థి, 2017 ఏప్రిల్. తోటి విద్యార్థులే కొట్టి చంపారు. అతను దైవదూషణ చేసిన ఆధారమే లేదని తర్వాత దర్యాప్తు తేల్చింది. పోయినవాడికి ఏ షరతు పనికొచ్చింది? ప్రియంత కుమార, శ్రీలంకవాడు, సియాల్‌కోట్ ఫ్యాక్టరీ మేనేజరు, 2021 డిసెంబరు. విదేశీ కొనుగోలుదారులు వస్తున్నారని గోడమీది కాగితాలు పీకించాడు, వాటి మీద మతపరమైన రాతలున్నాయట. వందలమంది కొట్టి చంపి, తగలబెట్టి, ఫోటోలు దిగారు. ఆ గుంపుకు అడ్డంగా నిలబడినవాడు ఒక్కడు, మాలిక్ అద్నాన్ అనే సహోద్యోగి. ఆ కేసులో మాత్రం ఐదు నెలలు తిరగకుండా 88 మందికి శిక్షలు పడ్డాయి, ఆరుగురికి ఉరి.

గట్టు_రావు
చూశారా, 88 మందికి శిక్ష వేస్తే వేయగలిగారు. చట్టం ఉంటూనే ఇదీ చేశారు. రెండూ ఉండవచ్చు కదా?

నల్లకోటు
చనిపోయినవాడు విదేశీయుడు, కొలంబో నుంచి ఒత్తిడి, ప్రపంచమంతా వీడియో. మషాల్ కేసులో 57 మందిలో 26 మందిని వదిలేశారు. వదిలినవాళ్లకు మోటార్‌వే దగ్గర దండలు వేసి ఊరేగింపుతో తీసుకెళ్లారు.

పాతబస్తీ_సిస్టర్
ఆ అద్నాన్ అనే అబ్బాయి ఇప్పుడు ఎలా ఉన్నాడు? అక్కడే ఉంటున్నాడా?

సరిహద్దు_పిచ్చుక
వాళ్ల ప్రభుత్వం ధైర్యసాహసాలకు ఇచ్చే పతకం ప్రకటించింది. అక్కడివరకే చదివాను.